రాలేని రోజులు

ఆ ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర గంటలకు భోజనాల బల్ల వద్ద హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు: బల్ల కొసన కార్యదర్శిగారు, వారి కుడిచేతి వైపు, వారికంటె తొమ్మిదేళ్ళు పెద్దవారైన అక్కగారు, ఎడమచేతి వైపు, కళ్ళజోళ్ళ దుకాణం నడిపే కొడుకు, కొడుకు పక్కన, కుర్చీ అంచున మాత్రమే ఆనిన కార్యదర్శిగారి భార్య. కోడలు హాజరైనది గాని కూర్చోలేదు. వంటింటి గుమ్మాన్ని ఆనుకొని నిలబడింది.

బల్ల నడుమ, ఉతికిన తెల్లగుడ్డలో చుట్టిన తాళంచెవి ఉన్నది.

దానిని తెల్లవారుతూనే పంపినది వియ్యపురాలు. ఊళ్ళో మంచానపడినవారికి చక్రాల కుర్చీలు, నీటిపరుపులు, చంకకర్రలు అరువిచ్చే సహాయ సంఘంలో సామాను గది ఏడేళ్ళుగా ఆమె చేతి కింద ఉన్నది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి వచ్చిన మనిషి. ఆ గదిలో ఒక మర వదులైనా ఆమెకు నిద్రపట్టదు. వరుసగా మూడు సమావేశాలకు రానందువల్ల కార్యవర్గంలో ఆమె స్థానం రద్దయినదని శుక్రవారం నాడు సంఘం నుండి ఉత్తరం అందింది. కింద సంతకం సంఘం కార్యదర్శి అయిన ఆమె వియ్యంకుడిదే.

"చదవరా," అన్నది అక్కగారు. ఇంట్లో ఆవిడకు హైకోర్టు అని పేరు. ఆవిడ తీర్పు మీద అప్పీలు లేదు.

కొడుకు తాళంచెవితో వచ్చిన చీటీ విప్పాడు. "అన్నయ్యగారికి నమస్కారములు. తాళంచెవి పంపుతున్నాను. మూడో నంబరు కుర్చీకి ఎడమ చక్రం మర బిగించాలి. నీటిపరుపులు మడతపెట్టవద్దని, చుట్టి పెట్టమని కొత్తగా వచ్చేవారికి చెప్పగలరు."

"అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"నాలుగు తిట్లు రాసి పంపినా బాగుండేది," అన్నది కార్యదర్శిగారి భార్య మెల్లగా.

కార్యదర్శిగారు పాలగ్లాసును ఒక అంగుళం కుడివైపుకు జరిపారు. మళ్ళీ ఎడమవైపుకు జరిపారు. శుక్రవారం నుండి కోడలు ఆయనతో మాట్లాడలేదు. వేళకు మంచినీళ్ళు పెట్టేది, మందుబిళ్ళ పెట్టేది. 'మామయ్యగారూ' అన్న పిలుపు మాత్రం పెట్టడం మానివేసింది.

"నిబంధన ఒకరి కోసం ఒకలా, ఇంకొకరి కోసం ఇంకోలా ఉండదు," అన్నారాయన. "వియ్యపురాలైనంత మాత్రాన మినహాయిస్తే రేపు నన్నెవరు నమ్ముతారు?"

"అబ్బో! ఆ పళ్ళ డాక్టరు అధ్యక్షుడయ్యాక పళ్ళు పీకినంత తేలిగ్గా మనుషుల్ని పీకేస్తున్నాడని ఊరంతా అంటోంది. నువ్వు పట్టకారు అందిస్తున్నావన్నమాట," అన్నది అక్కగారు.

కొడుకుకు నవ్వు వచ్చింది. భార్య ముఖం చూసి దిగమింగుకున్నాడు.

"నువ్వు నవ్వకురా. ఊరందరికీ చూపు సరిచేస్తావు, నీ ఇంట్లో నీ పెళ్ళాం రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదని నీకు కనబడదు."

"నాకు కనబడిందత్తయ్యా. ఏమనాలో తెలియలేదు."

గుమ్మం దగ్గర నుండి అప్పుడు మాట వినిపించింది. గొంతు పెద్దదేమీ కాదు.

"మూడుసార్లూ అమ్మ పేరు పక్కన 'గైర్హాజరు' అని రాసింది నేనే."

సంఘం రిజిస్టరు రాసేది కోడలే. ఆమె దస్తూరి ముత్యాల్లా ఉంటుందని, పెళ్ళయిన మరుసటి నెలలోనే కార్యదర్శిగారు గర్వంగా ఆ పని అప్పగించారు.

"అమ్మ ప్రార్థనలో కూర్చుంటే, నేను మీ రిజిస్టరు ముందు కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో ఏటా ఆ మూడు ఉపవాసాల సాయంత్రాలు ఎవరం గడప దాటలేదు. ఈ ఇంటికి వచ్చాక నేను దాటాను. పోనీలే, అత్తవారి పని అనుకున్నాను. అమ్మ కూడా ఒక్క మాట అనలేదు. కాని ఆ చేత్తోనే ఆవిడ పేరు పక్కన..."

"అమ్మాయ్," అన్నారు కార్యదర్శిగారు. "మీ అమ్మగారు చీటీలో రాసింది శనివారాలు. ఒక్క శనివారమైనా నేను సమావేశం పెట్టానా?"

ఈ చీటీల పద్ధతి ఆయన స్వయంగా ఏర్పరచినది. ఏడాది చివర ప్రతి సభ్యుడూ తాను రాలేని రోజులు ఒక చీటీ మీద రాసి, కవరులో పెట్టి ఇవ్వాలి. పండుగ కావచ్చు, ఉపవాసం కావచ్చు, పెద్దల తిథి కావచ్చు, కారణం చెప్పనక్కరలేదు. కవర్లు విప్పేది కార్యదర్శి ఒక్కరే. ఎవరి దేవుడి కోసమూ ఎవరూ ఇంకొకరి ముందు చేతులు కట్టుకొని నిలబడకూడదని ఆయన ఉద్దేశం. పొరుగు సంఘాలవారు వచ్చి ఆ పద్ధతిని నేర్చుకొని వెళ్ళారు. కార్యదర్శిగారి సొంత చీటీ మీద ఏటా ఒకే వాక్యం ఉండేది: 'ఏ రోజైనను అభ్యంతరము లేదు.'

"తేదీల కింద చిన్న అక్షరాల్లో అమ్మ ఇంకో లైను రాసింది మామయ్యగారూ," అన్నది కోడలు. రెండు రోజుల తరువాత వచ్చిన ఆ పిలుపు ఆయనకు చెంపదెబ్బ వలె తగిలింది. "ఉపవాసం ముందురోజు పొద్దుగుంకేసరికే మొదలవుతుందని. రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. మీరది చూడలేదంటే నేను నమ్ముతాను. చూడలేదా?"

కార్యదర్శిగారు పాలగ్లాసును మళ్ళీ కుడివైపుకు జరిపారు.

ఆయన చూశారు. కళ్ళజోడు తుడుచుకొని రెండుసార్లు చదివారు. చదివి, 'మనవాళ్ళే కదా, సర్దుకుంటారు' అనుకొన్నారు. పరాయివారి చీటీలో అర్ధవిరామాన్ని కూడా మన్నించిన మనిషి, తనవారి చీటీలో ఒక వాక్యాన్ని మింగివేశాడు.

"అదలా ఉంచండి," అన్నది అక్కగారు. ఆవిడ గొంతులో వేళాకోళం పోయింది. "ఏళ్ళ తరబడి నెలకొక గురువారం జరిగే సమావేశాలు ఆ మూడు నెలలు మాత్రం శుక్రవారాలెందుకయ్యాయిరా?"

"హాలు ఖాళీ లేదక్కయ్యా."

"గురువారాలు హాలుకు తాళం వేసి ఉంది," అన్నది కోడలు. "నేను ఆ దారినే వచ్చాను, ఆ మూడు గురువారాలూ."

కార్యదర్శిగారి భార్య భర్త వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. నింద ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది.

"సాయంత్రం నాలుగింటికి కదా ఆవిడ స్థానంలో ఇంకొకర్ని కూచోబెట్టే సమావేశం?" హైకోర్టు లేచి నిలబడింది. "ఈలోగా ఆ తాళంచెవి పట్టుకెళ్ళి ఆవిడ చేతికిచ్చి రా. పంపించడం కాదు. నువ్వే వెళ్ళు."

*

వియ్యపురాలి ఇల్లు రెండు వీధుల అవతల. కార్యదర్శిగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, చేతికర్ర తీసుకొని, ఎదురైనవారి నమస్కారాలకు ప్రతి నమస్కారం చేస్తూ నడిచారు. జేబులోని తాళంచెవి అడుగడుగునా తొడకు తగిలింది.

ఆమె వరండాలో పీట మీద కూర్చొని, సబ్బునీళ్ళ బేసినులో చంకకర్రల రబ్బరు తొడుగులు కడుగుతున్నది.

"రండన్నయ్యగారూ. ఆ కుర్చీలో కూర్చోండి, ఇక్కడంతా తడి. ఇవి మొన్న తిరిగొచ్చిన కర్రలవి. కడిగి పంపిద్దామని ఉంచాను. ఇక సంఘం వస్తువులు నా దగ్గరుండటం బాగుండదు కదా."

"చెల్లెమ్మగారూ, నేను..."

"మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు."

ఆమె మళ్ళీ రబ్బరు తొడుగు అందుకొని లోపల వేలు తిప్పి రుద్దింది. ఆయన తాళంచెవిని వరండా గోడ మీద పెట్టారు. ఆమె దాని వైపు చూడలేదు.

దారిపొడుగునా కూర్చుకొన్న మాటలను ఆయన వరుసగా అప్పగించారు. నిబంధనలో 'ముందుగా కారణము తెలుపక' అన్న మాట ఉన్నదనీ, ఆ మూడు నెలలు ఆమెకు ఒంట్లో బాగుండలేదనీ, ఆ సంగతి నోటిమాటగా తనకు ముందే చెప్పారనీ ఒక కాగితం మీద రాసి ఇస్తే చాలుననీ, మిగిలినది తాను చూసుకొంటాననీ చెప్పారు. కాగితం కూడా తెచ్చారు. ఆమె సంతకం కోసం చివర చోటు వదిలి, మొత్తం తామే రాసుకొని వచ్చారు.

వియ్యపురాలు చేతులు తుడుచుకొని ఆ కాగితం ఆసాంతం చదివింది.

"కీళ్ళనొప్పులా?"

"మీ ఇష్టం. ఏదైనా రాయవచ్చు."

"నా కీళ్ళు మీ కీళ్ళకంటే గట్టివన్నయ్యగారూ." నవ్వింది. తరువాత ఆ నవ్వు ఆగిపోయింది. "మా దేవుడి పేరు చెప్పుకోడానికి లేని రోగం తెచ్చుకోమంటారా?"

"నా ఉద్దేశం అది కాదు."

"తెలుసు. మీ ఉద్దేశం ఎప్పుడూ మంచిదే." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికి తిరిగి ఇచ్చింది. "ముప్ఫై ఏళ్ళు రోగుల మధ్య బతికాను. ఒంట్లో బాగాలేదన్న మాట ఊరికే అనకూడదన్నయ్యగారూ. నిజంగా బాగాలేనివాళ్ళు చాలామంది ఉన్నారు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకొంటూ పోయారు.

"మీ చీటీలో కింది వాక్యం నేను చదివాను," అన్నారు కార్యదర్శిగారు. "చదివి కూడా శుక్రవారాలు పెట్టాను."

"అవును."

"అవునంటారేమిటి? మీకెలా తెలుసు?"

"మీరు చదవకుండా వదిలేది ఏముందన్నయ్యగారూ? మందుసీసా మీద చీటీ కూడా రెండుసార్లు చదువుతారు." మళ్ళీ బేసిను వైపు వంగింది. "ఏడాది పట్టిక చూడగానే తెలిసింది. మొదటి నెల గురువారం ఏ తేదీన పడిందో చూశాను. ఆ తేదీన మీరు ఆ హాల్లో కూర్చోలేరు. ఆ ఒక్క నెలే మారిస్తే ఎందుకని అడుగుతారు. అందుకని మూడు నెలలూ మార్చారు."

కార్యదర్శిగారి చేతికర్ర గచ్చు మీద ఒకసారి చప్పుడు చేసింది.

అది ఆయన తమ్ముడు పోయిన తేదీ. పోయిన తేదీ ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలియనిది వేరొకటి. పన్నెండేళ్ళ కిందట, ఆ సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకు, సమావేశం జరుగుతూ ఉండగా ఆసుపత్రి నుండి ఒక చీటీ వచ్చింది. తమ్ముడు రమ్మంటున్నాడని, వెంటనే రావలెనని అందులో ఉన్నది. ఆసుపత్రికి పది నిమిషాల నడక. అన్నదమ్ములకు అప్పటికి నాలుగేళ్ళుగా మాటలు లేవు. కార్యదర్శిగారు చీటీని మడిచి జేబులో పెట్టుకొన్నారు. 'ఏమిటండీ?' అని పక్కనున్న పళ్ళ డాక్టరు అడిగితే, 'ఇంటి విషయం, ఏం లేదు' అన్నారు. ఆ రోజు చర్చించి ఆమోదించినది గైర్హాజరీల నిబంధననే. ఏడు గంటలకు సమావేశం ముగిసేసరికి తమ్ముడు పోయి పావుగంట అయినది. కబురు ఆలస్యంగా అందినదని ఆయన అక్కగారికి చెప్పారు. ఆమె ఈనాటికీ అదే నమ్ముతున్నది.

"ఆ చీటీ..." అన్నారాయన.

"నేనే రాశాను. ఆ వార్డులో ఆ రోజు డ్యూటీ నాదే. కింద 'వార్డు నర్సు' అని రాశాను, పేరు రాయలేదు." ఆమె గొంతు రోగి బంధువులతో మాట్లాడే నర్సు గొంతుగా మారింది, నెమ్మదిగా, తొట్రుపాటు లేకుండా. "తీసుకెళ్ళినతను తిరిగొచ్చి, చేతికే ఇచ్చానమ్మా, చదువుకున్నారు కూడా అన్నాడు. మీ తమ్ముడు నన్ను టైమెంతని మూడుసార్లు అడిగారు. అన్నయ్య మీటింగులో ఉంటాడు, అయిపోగానే వస్తాడు అన్నారు. కోపంగా అనలేదు."

"పన్నెండేళ్ళు..." అన్నారు కార్యదర్శిగారు. "మీ అమ్మాయిని మా ఇంటికిచ్చారు."

"ఇచ్చాను. ఏడాదికోసారి ఆ తేదీకి తల వంచుకునే మనిషి ఇంట్లో పిల్ల చెడిపోదనుకున్నాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు."

"సమావేశంలో ఒక్క మాట చెప్పి ఉంటే మీ స్థానం పోయేది కాదు కదా చెల్లెమ్మగారూ. శుక్రవారం నాకు కుదరదు, గురువారమే ఉంచండి అని..."

"అంటే, గురువారం ఎందుకు కుదరదని డాక్టరుగారు మిమ్మల్ని అడిగేవారు. అప్పుడు మీరేం చెప్పేవారు?" ఆమె కడిగిన తొడుగులను గుడ్డ మీద వరుసగా బోర్లించింది. "వార్డులో విన్నది వార్డులోనే వదిలెయ్యాలి. మాకు మొదటి రోజు నేర్పే పాఠం అది. తాళంచెవి తీసుకెళ్ళండన్నయ్యగారూ. జాలిపడి ఇచ్చింది నాకొద్దు."

*

ఎవరి చీటీలోను లేని గంట గనుక ఆదివారం నాలుగు గంటలు నిర్ణయమైనది. అధ్యక్షులైన పళ్ళ డాక్టరు, ఉద్యోగ విరమణ చేసిన బస్సు డ్రైవరు, బడిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ వచ్చారు. కోడలు రిజిస్టరు తెరిచి, మార్జిను గీసి, తల వంచుకొని కూర్చున్నది.

"ఒకటే అంశం," అన్నారు డాక్టరు. "ఖాళీ అయిన స్థానం. త్వరగా తేలుద్దాం, నాకు అయిదింటికి పేషెంటున్నాడు."

"ఖాళీ లేదు," అన్నారు కార్యదర్శిగారు.

"అదేమిటండీ? మీరే సంతకం పెట్టారు కదా?"

"పెట్టాను. తప్పు సంతకం."

నిలబడి మాట్లాడడం ఆయనకు అలవాటు. నిలబడ్డారు. వియ్యపురాలి చీటీని బల్ల మీద పరచి, కింది వాక్యాన్ని చదివి వినిపించారు. అది చదివి కూడా తాను విస్మరించినట్లు చెప్పారు.

బస్సు డ్రైవరు మీసం సవరించుకొన్నాడు. "పోనీండి సార్. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను, నేనూ ఎన్నిసార్లు స్టాపు దాటేశానో. చూసుకోలేదని రాసేద్దాం."

"చూసుకున్నాను," అన్నారు కార్యదర్శిగారు.

"సార్, మీకు సాయం చేద్దామంటే మీరే ఒప్పుకోరేమిటి?" అన్నది కుట్టు టీచరు.

"పొరపాటు అని రాద్దాం," అన్నారు డాక్టరు. "పొరపాటుకు నిబంధన అడ్డం రాదు. తెలిసి చేశారంటే మాత్రం నేను మీ పదవి గురించి కూడా ఆలోచించాల్సొస్తుంది. అసలు గురువారానికి వచ్చిన ఇబ్బందేమిటి? మీ చీటీలో ఏటా 'అభ్యంతరము లేదు' అనే కదా ఉంటుంది?"

కోడలి కలం ఆగింది.

ఇక్కడ అబద్ధం చాలా తేలిక. హాలు అనవచ్చు. తలనొప్పి అనవచ్చు. డాక్టరుగారి గడియారం అయిదు వైపు నడుస్తూ ఉన్నది. ఏది చెప్పినా ఆయన ఒప్పుకొని లేస్తారు.

"డాక్టరుగారూ," అన్నారు కార్యదర్శిగారు, "పన్నెండేళ్ళ కిందట గైర్హాజరీల నిబంధన ఆమోదించిన రోజున, నాకొక చీటీ వచ్చింది. మీరు పక్కనే ఉన్నారు. ఏమిటని అడిగారు."

డాక్టరు కనుబొమలు ముడిచి ఆలోచించారు. తరువాత ఆ ముడి మెల్లగా విడిపోయింది. "ఇంటి విషయం అన్నారు."

"నా తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నాడని. నేను వెళ్ళలేదు. నిబంధన ఆమోదం పొందేవరకు కూర్చున్నాను. ఈ ఏడు ఆ తేదీ గురువారం పడింది."

కుట్టు టీచరు చీర చెంగుతో నోరు మూసుకొన్నది. బస్సు డ్రైవరు కిటికీ వైపు చూశాడు. అధ్యక్షులు తమ గడియారాన్ని చొక్కా చేతి కిందకు తోసుకొన్నారు. ఆ తరువాత అయిదు గంటల పేషెంటు ప్రసక్తి ఆయన తేలేదు.

"ఇది కూడా రాయాలా మామయ్యగారూ?" అన్నది కోడలు. "రిజిస్టరు నేను ఇంటికే కదా తెస్తాను. పెద్దత్తయ్యగారు చూస్తారు. ఆవిడకు ఇంతవరకు..."

"తెలియదు."

"ఆవిడ మీతో మళ్ళీ మాట్లాడకపోతే?"

"ఆవిడ ఇష్టం అమ్మా. రాయి."

ఆమె కలాన్ని కాగితం మీద ఆనించింది. అధ్యక్షులు అడగవలసిన ప్రశ్న ఇంకా అడగలేదు: తెలిసి తప్పు చేసిన కార్యదర్శి ఆ పదవిలో ఉండవచ్చునా? ఉండరాదంటే వచ్చే ఏటి చీటీలు ఎవరు విప్పుతారు? వియ్యపురాలు తిరిగి వస్తుందో రాదో కూడా ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలియనివన్నీ అలాగే ఉండగా, కార్యదర్శిగారు చెప్పసాగారు. కోడలు తన ముత్యాల దస్తూరితో ఒక్క కొట్టివేత లేకుండా రాసింది:

'సామాను గది బాధ్యురాలైన సభ్యురాలు మూడు సమావేశములకు గైర్హాజరైనట్లు చేసిన నమోదులు చెల్లవు. ఆ మూడు సాయంత్రములు ఆమె తన చీటీలో ముందుగా తెలిపినవే. దోషము కార్యదర్శిది. ఒక మనిషి చివరి గంటలలో తాను విన్న మాటను పన్నెండు సంవత్సరములు ఎవరికిని చెప్పక, చెప్పినచో తన స్థానము నిలుచునని తెలిసియు చెప్పక, ఆ మనిషి అన్నగారి మర్యాదను ఆమె కాపాడినది. ఆ అన్న అందుకు తగినవాడు కాడు. ఇందుకుగాను ఈ సంఘము ఆమెకు తన కృతజ్ఞతను తెలుపుకొనుచున్నది. ఆమె దీనిని స్వీకరించునో లేదో తెలియదు. అయినను నమోదు చేయడమైనది.'